మశూచి టీకా – మనసు వేసిన లెక్క

ఫలితము నిశ్చయముగా తెలియని విషయములలో నిర్ణయము చేయవలసి వచ్చినపుడు మనము సాధారణముగా కాగితము, కలము తీసికొనము. మనసునకు తోచినది చేయుదుము. మంచిచెడుగులను గూర్చి మనసు మంచి సలహాదారే కావచ్చును. కాని ఎందరిలో ఎందరికి ఏమి సంభవించును అను ప్రశ్నకు అది చెప్పు సమాధానము తరచుగా తప్పు. ఈ తప్పువలన జూదరులు ధనము పోగొట్టుకొనిన కథలు మనము చాల విని యున్నాము. తల్లిదండ్రులు బిడ్డలను పోగొట్టుకొనిన చరిత్ర కూడ ఒకటి గలదు. అది మశూచి చరిత్ర.

మన పల్లెలలో అమ్మవారు పోసినదని చెప్పుకొనిన ఈ వ్యాధికి, సోకిన తరువాత మందు లేకుండెను. బ్రతికి బయటపడినవారికి మాత్రము అది సాధారణముగా మరల రాదు. ఈ యొక్క సంగతిని ఆధారము చేసికొని పూర్వులొక ఉపాయము కనిపెట్టిరి. రోగి పొక్కులలోని రసిని ఆరోగ్యవంతుని చర్మముపై చిన్న గాటు పెట్టి అంటించుటయే ఆ ఉపాయము. అట్లు వచ్చిన మశూచి చాలమందిలో తేలికగా పోవును. వంగదేశమున బ్రాహ్మణులు ఏటేట ఊరూర తిరిగి ఈ పని చేయుచుండిరని హాల్వెల్ అను ఆంగ్లవైద్యుడు 1767లో లండనులో ప్రకటించెను. అయితే ఇది నిరపాయమైన పని కాదు. అంటించినవారిలో కొందరు ఆ కారణముననే మరణించుచుండిరి. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

1721లో అమెరికాలోని బాస్టన్ నగరమునకు ఓడమీద మశూచి వచ్చెను. అప్పటి జనసంఖ్య సుమారు 11,000. కాటన్ మేథర్ అను మతాచార్యుడు, తన యింట బానిసగా నుండిన ఒనేసిమస్ అను ఆఫ్రికావాసి వలన ఈ పద్ధతిని విని యుండెను. ఆయన వైద్యులను ప్రోత్సహింపగా జాబ్డియల్ బాయిల్‌స్టన్ ఒక్కడే ముందుకు వచ్చి, జూన్ 26న తన ఆరేండ్ల కుమారునికిని, ఇంటనున్న ఇద్దరు బానిసలకును అంటించెను. ఊరు మండిపడెను. నవంబరులో మేథర్ ఇంటిలోనికి ఎవరో గుండు విసరిరి, అది పేలలేదు.

వ్యాధి శాంతించిన పిమ్మట లెక్క తేలినది. సహజముగా మశూచి సోకినవారు సుమారు 5,800 మంది. అందులో మరణించినవారు 840 మందికి పైగా, అనగా నూటికి పదునలుగురు. బాయిల్‌స్టన్ అంటించినవారు సుమారు 240 మంది. మరణించినవారు ఆరుగురు, అనగా నూటికి ఇద్దరు ముగ్గురు. అయినను ఊరివారి మనసునకు ఆ ఆరు మరణములే పెద్దవిగా తోచెను. ఏలయన, 840 మందిని చంపినది వ్యాధి. ఆ ఆరుగురిని చంపినది మనిషి చేయి. తానై వచ్చిన చావును మనసు విధి ఖాతాలో వ్రాయును. మన పనివలన వచ్చినదానిని మన ఖాతాలో వ్రాయును.

అంటించుకొననివానికి మశూచి అసలే రాకపోవచ్చును గదా యని కొందరు వాదించిరి. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. దీనికి జవాబు చెప్పుటకు స్విస్ గణితవేత్త దనియెల్ బెర్నూలీ 1760లో పారిస్ శాస్త్రపరిషత్తునకు ఒక వ్యాసము సమర్పించెను. మశూచి రానివారిలో ఏటేట ఎనిమిదవ వంతుకు అది సోకుననియు, సోకినవారిలో ఎనిమిదవ వంతు మరణింతురనియు, అంటించుటవలన 200 మందికి ఒకరు పోవుదురనియు ఆయన అంచనా. హేలీ కూర్చిన బ్రెస్లా నగరపు మరణపట్టికను చేర్చి గుణించి చూడగా, అందరికిని పుట్టగనే అంటించినచో సగటు ఆయుర్దాయము సుమారు 3 సంవత్సరములు పెరుగునని తేలెను.

దీనిపై దలాంబేర్ ఆక్షేపణ తెచ్చెను. ఈ నెలలోనే కలుగగల చావును, ఏండ్ల తరువాత ఎప్పుడో దక్కు ఆయుర్దాయమును ఒకే తక్కెడలో తూచవచ్చునా యని ఆయన ప్రశ్న. ఆయన అంటించుటకు విరోధి కాడు. రాజ్యమునకు సరిపోవు సగటు ఒక తల్లికి చాలదని మాత్రమే చెప్పెను. ఈ ప్రశ్నలో సత్యము గలదు. ఇంతటి పండితుడును 1754లో, నాణెమును రెండుమారులు ఎగురవేసినచో ఒకసారియైన బొమ్మ పడు సంభావ్యత మూడింట రెండని వ్రాసెను. సరియైనది నాలుగింట మూడు. మనసు వేయు లెక్క పండితుని కూడ విడువదు.

దలాంబేర్ ప్రశ్నకు మనకు దొరకు మంచి సమాధానము ఒక తండ్రిది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ బాస్టన్‌లో పదునైదేండ్ల వయస్సున, అంటించుటను నిరసించిన అన్నగారి పత్రికలో అచ్చుపని నేర్చుచుండెను. తరువాత దాని మేలు గ్రహించెను. 1736లో ఫిలడెల్ఫియాలో ఆయన నాలుగేండ్ల కుమారుడు ఫ్రాన్సిస్ మశూచివలన మరణించెను. విరేచనములతో నీరసించిన బిడ్డ కోలుకొనవలెనని అంటించుట వాయిదా వేసి యుండిరి. అంటించుటచేతనే పోయెనని ఊరిలో పుకారు పుట్టగా, దుఃఖములోనున్న తండ్రి తన పత్రికలో దానిని ఖండింపవలసి వచ్చెను. అర్ధశతాబ్ది గడచినను ఆ చింత తీరక, స్వీయచరిత్రలో తల్లిదండ్రుల కొక మాట చెప్పెను. అంటించి బిడ్డ పోయినను, అంటించక పోయినను పశ్చాత్తాపము సమానమే. కావున అపాయము తక్కువైన దారినే ఎన్నుకొనవలెనని దాని సారాంశము.

1796లో జెన్నర్ గోమశూచితో టీకా వేసి అపాయమును మరింత తగ్గించెను. 1980లో ప్రపంచ ఆరోగ్యసభ మశూచి భూమిమీద లేదని ప్రకటించెను. కాని మనసు మారలేదు. 1990లో రిటోవ్, బారన్ అను మనస్తత్వవేత్తలు ఒక ఊహావ్యాధిని కల్పించి కొందరిని ప్రశ్నించిరి. వ్యాధిచే పోవు బిడ్డలకంటె టీకాచే పోవు బిడ్డలు తక్కువయని తెలిపినను, పలువురు టీకా వలదనిరి.

భయపడుట మనసునకు సహజము. దానిని నిందింప నక్కరలేదు. కాని ఒక పని చేయుటవలని నష్టమును ఎంచునపుడు, చేయకుండుటవలని నష్టమును కూడ ప్రక్కనే వ్రాసికొనవలెను. ఊరకుండుటయు ఒక నిర్ణయమే; దానికిని లెక్క గలదు.