రేనాటి వాక్యం, రెన్ అండ్ మార్టిన్ కొలత

నవనందుల వల్ల నంద్యాలకు ఎంత పేరుందో, బ్యాంకు కోచింగ్ వల్లా అంత పేరు వచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ డిగ్రీ పూర్తిచేసిన పిల్లలు ఇక్కడికి వచ్చి గదులు అద్దెకు తీసుకుని నెలల తరబడి చదువుతారు. లెక్కలు, రీజనింగ్ సాధనతో పట్టుబడతాయి గానీ ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి చాలామందికి కాలూ చెయ్యీ ఆడవు. క్లర్కు ఉద్యోగాల పరీక్షను తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో కూడా పెట్టాలని కేంద్రం 2021లో నిర్ణయించింది. అయినా ఇంగ్లిష్ విభాగం ఇంగ్లిష్‌గానే మిగిలింది. అందులో తప్పులు పట్టే ప్రశ్నలకు ఆయువుపట్టు క్లాజు. ఏ క్రియ ఏ కర్తది, ఏది ప్రధాన వాక్యం, ఏది ఉపవాక్యం అన్నది తేలితే గాని జవాబు తేలదు. పిల్లలు అక్కడ తడబడితే ‘పల్లెటూరి చదువు, తెలుగు మీడియం, ఏం చేస్తాం’ అని తేల్చేయడం మనకు అలవాటు. నా వాదన వేరు. ఈ తడబాటుకు పిల్లల తెలివితోగాని, ఊరితోగాని సంబంధం లేదు. ఒక భాష కోసం తయారైన కొలతబద్దను ఇంకో భాష మీద పెట్టి, రెండు కొలతలూ ఒకటేనని చెప్పకనే చెప్పిన నూరేళ్లకు పైబడిన బడి చరిత్రే దానికి మూలం.

ఒక చిన్న వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. ‘అతను పని ముగించి ఇంటికి వెళ్లాడు.’ తెలుగు పాఠ్యపుస్తకం ప్రకారం ఇది సంక్లిష్ట వాక్యం. ‘ముగించి’ అసమాపక క్రియ, ‘వెళ్లాడు’ సమాపక క్రియ. ఒక సమాపక క్రియతో పాటు ఒకటో అంతకన్నా ఎక్కువో అసమాపక క్రియలు ఉంటే అది సంక్లిష్టమే. అదే వాక్యాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చమంటే మూడు దారులున్నాయి. ‘హ్యావింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్, హి వెంట్ హోమ్’ అంటే బడి వ్యాకరణం ప్రకారం సింపుల్ సెంటెన్స్. ‘హి ఫినిష్డ్ హిజ్ వర్క్ అండ్ వెంట్ హోమ్’ అంటే కాంపౌండ్ కింద లెక్క కడతారు. ‘ఆఫ్టర్ హి హ్యాడ్ ఫినిష్డ్ హిజ్ వర్క్, హి వెంట్ హోమ్’ అంటే కాంప్లెక్స్. అర్థం ఒకటే, తెలుగు పేరు ఒకటే, ఇంగ్లిష్ పేర్లు మాత్రం మూడు. ఇప్పుడు రెండో వైపు నుంచి చూడండి. ‘రాజు, రవి అన్నదమ్ములు’ అన్న దాన్ని తెలుగు మాస్టారు సంయుక్త వాక్యం అంటారు. అందులో క్రియే లేదు. ఇంగ్లిష్‌లో దానికి క్రియ తప్పనిసరి, ఉన్నది ఒక్కటే క్రియ, కాబట్టి అది సింపుల్. ఒకే తరగతి గదిలో, ఒకే రోజున, పది గంటలకు ఒక నిర్వచనం, పదకొండు గంటలకు ఇంకో నిర్వచనం విన్న పిల్లవాడు రెండింటినీ బట్టీ పట్టి రెండింటిలోనూ మార్కులు తెచ్చుకోగలడు. అవి ఎందుకు కలవవో మాత్రం అతనికి ఏ పుస్తకమూ చెప్పదు.

సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ అన్న ఈ మూడు పేర్లూ అనాదివి కావు. 1795లో లిండ్లీ మర్రే ఇంగ్లిష్ వ్యాకరణం రాసినప్పుడు వాక్యాలను సింపుల్, కాంపౌండ్ అని రెండుగానే విడదీశాడు. జర్మనీలో బెకర్ అనే పండితుడు వాక్యాన్ని తర్కం దృష్టితో ముక్కలు చేసి చూపిన పద్ధతిని తీసుకుని, ఇంగ్లండులో బడుల ఇన్‌స్పెక్టరుగా ఉన్న మొరెల్ 1852లో వాక్య విశ్లేషణ మీద పుస్తకం అచ్చు వేయించాడు. క్లాజును నామవాచకంలా, విశేషణంలా, క్రియావిశేషణంలా పనిచేసే ముక్కగా గుర్తించి గడుల్లో రాయించే అలవాటు ఆ తర్వాత బడుల్లో స్థిరపడింది. మన దేశంలో దాన్ని ఊరూరికీ చేర్చింది మొదట నెస్‌ఫీల్డ్ వ్యాకరణాలు, 1930ల నుంచి రెన్ అండ్ మార్టిన్. ఈ పుస్తకాలన్నిటికీ పునాది సూత్రం ఒకటే: కాలాన్నీ కర్తనూ చూపే పూర్తి క్రియ ఉంటేనే క్లాజు, లేకపోతే అది ఫ్రేజ్. ఇంగ్లిష్‌కు ఈ సూత్రం బాగానే అతుకుతుంది. ఆ భాషలో ఒక విషయాన్ని ఇంకో విషయానికి ముడివేసేటప్పుడు ఎక్కువసార్లు రెండు చోట్లా పూర్తి క్రియే వస్తుంది, మధ్యలో ‘హూ’, ‘వెన్’, ‘బికాజ్’ లాంటి మాట కొక్కెంలా నిలుస్తుంది.

నంద్యాల సీమకు ఈ చదువు పాలనతోనూ మిషన్లతోనూ వచ్చింది. కోయిలకుంట్ల వైపు పల్లెలు 1800లోనే దత్తమండలాల్లో భాగంగా ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లాయి. కర్నూలు నవాబు ఏలుబడి 1839లో ముగిసింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక మెట్రిక్యులేషన్ గట్టెక్కాలంటే ఇంగ్లిష్ గట్టెక్కాలి, కచేరీలో గుమాస్తా పని దొరకాలన్నా అదే. 19వ శతాబ్దంలోనే ఎస్పీజీ అనే క్రైస్తవ మిషన్ ఆళ్లగడ్డకు చేరువలోని ముత్యాలపాడులో, తర్వాత నంద్యాలలో కాలూని బడులు నడిపింది. ఆ మూడక్షరాలు నేటికీ నంద్యాల హైస్కూలు పేరులో ఉన్నాయి. అంతకుముందు చదువుకు ఆనవాలే లేని మాల మాదిగ పేటల్లోకి అక్షరం వెళ్లడంలో ఆ బడుల పాత్రను తక్కువ చేయలేం. అయితే పరీక్ష మద్రాసుది, పుస్తకం లండనుది, ఆ పరీక్షకు పిల్లల్ని సిద్ధం చేయడమే ఇక్కడి పంతులు పని. రెండు భాషల వాక్యాలను పక్కపక్కన పెట్టి చూపే తీరిక ఆ ఏర్పాటులో ఎక్కడా లేదు.

విచిత్రమేమిటంటే, ఆ పోలిక అప్పటికే పుస్తకాల్లో ఉంది, కానీ ఎదుటి వైపు వాళ్ల కోసం. కడపలో పనిచేసిన బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణం వెలువరించాడు. మచిలీపట్నంలో మిషనరీగా ఉన్న ఆర్డెన్ 1873లో, తెలుగు నేర్చుకునే దొరలకూ మిషనరీలకూ పనికొచ్చేలా ఇంకోటి రాశాడు. ఇంగ్లిష్‌లో ‘హూ’, ‘విచ్’ చేసే పనిని తెలుగులో ‘వచ్చిన’, ‘చేసిన’ వంటి రూపాలే చేస్తాయని, అవి నామవాచకానికి ముందు నిలుస్తాయని ఆ వ్యాకరణాలు పాఠాలుగా నేర్పాయి. అంటే తెలుగు నేర్చుకునే ఇంగ్లిష్ వాడికి ‘నీ వాక్యం కట్టుబడి వేరు, వీళ్ల వాక్యం కట్టుబడి వేరు’ అని ముందే హెచ్చరిక దొరికింది. ఇంగ్లిష్ నేర్చుకునే తెలుగు పిల్లవాడికి ఆ హెచ్చరికే దొరకలేదు. ఆర్డెన్ పాఠాన్ని తిరగేసి చెబితే చాలు, సగం చిక్కు వీడేది.

తెలుగు వైపు కూడా లోటు ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో పది పరిచ్ఛేదాలున్నాయి. వాక్యానికంటూ విడిగా ఒకటి లేదు. క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం అంటూ అసమాపక రూపాల లెక్క మాత్రం పక్కాగా ఉంది. మాట రూపం మీద ఉన్న చూపు వాక్యం కట్టుబడి మీద తక్కువ. ఆ ఖాళీలోకే ఇంగ్లిష్ బడి నుంచి మూడు గడుల విభజన వచ్చి కూర్చుంది, సామాన్య, సంక్లిష్ట, సంయుక్త అని సంస్కృతం పేర్లు పెట్టుకుంది. చేకూరి రామారావు 1975లో ‘తెలుగు వాక్యం’లో ఈ నిర్మాణాలను మన భాష తీరులోనే నిశితంగా విడదీసి చూపారు. కానీ బడిలోకి దిగింది పేర్లు, ఉదాహరణలే. ఆ విచారణ కాదు. తెలుగు వాక్యం తీరు నిన్నా మొన్నా ఏర్పడింది కూడా కాదు. ఆళ్లగడ్డ పక్కనున్న ఉయ్యాలవాడకు చెందిన నరసింహారెడ్డి పేరుతో ఇప్పటికీ తలుచుకునే రేనాడు సీమలోనే, కడప జిల్లా కలమళ్లలో, సుమారు క్రీ.శ. 575 నాటి శాసనం దొరికింది. తెలుగులో మనకు దొరికిన తొలి వాక్యాలు అందులోవి. రాజు పేరు చెప్పి ‘రేనాణ్డు ఏళన్’ అంటుంది, అంటే రేనాడును ఏలుతుండగా అని. పధ్నాలుగు వందల ఏళ్ల కిందట కూడా ‘వెన్’ లాంటి కొక్కెం లేదు, పూర్తి క్రియా లేదు. క్రియ చివరి చిన్న ప్రత్యయమే ఒక సంగతిని ఇంకో సంగతికి కట్టింది.

నా వాదనకు మొదటి అభ్యంతరం న్యాయమైనదే. తెలుగులో పూర్తి క్రియలున్న ఉపవాక్యాలు లేవా? ‘అతను వస్తాడని చెప్పింది’, ‘ఎవరు ముందు వస్తారో వాళ్లకే సీటు’ వంటివి ఉన్నాయి కదా? ఉన్నాయి. కానీ మాట్లాడేటప్పుడు బరువు మోసేవి ‘వచ్చి, వస్తే, వచ్చినా, వచ్చిన, వస్తూ’ అన్నవే. పైగా ‘అని’ కూడా ‘అను’ ధాతువు అసమాపక రూపమే. రెండో అభ్యంతరం పండితులది. నేటి ఇంగ్లిష్ వ్యాకరణవేత్తలు పూర్తి క్రియ లేని ముక్కనూ క్లాజు అంటున్నారు, 1985లో క్వర్క్ బృందం తెచ్చిన పెద్ద వ్యాకరణం అలాగే లెక్క కట్టింది, ఇక పేచీ ఎక్కడ అని. ఇది నా వాదనకు బలమే తప్ప ఎదురు కాదు. కొత్త కొలత ప్రకారం ‘ముగించి’ని లెక్కలోకి తీసుకున్న తెలుగు పుస్తకమే లోకానికి దగ్గరగా ఉంది. పాత కొలత పట్టుకుని వేలాడుతున్నవి బడి ఇంగ్లిష్ గ్రామరు, పరీక్షల గైడు.

మూడో అభ్యంతరం తల్లిదండ్రులది: చిన్నప్పటి నుంచే ఇంగ్లిష్ మీడియంలో వేస్తే ఈ గొడవే ఉండదు కదా? ఇంట్లో, అంగట్లో, పొలంలో తెలుగు వాక్యమే వినే పిల్లవాడి చెవి బడి మీడియం మారినంత మాత్రాన మారిపోదు. ‘నాన్నతో అంగడికి వచ్చిన పిల్లలు వెళ్లిపోయారు’ అన్నప్పుడు పిల్లలు, వెళ్లిపోయారు పక్కపక్కనే ఉంటాయి. ఇంగ్లిష్‌లో ‘ది చిల్డ్రన్ హూ కేమ్ టు ది షాప్ విత్ దెయిర్ ఫాదర్’ అని క్లాజంతా మధ్యలో దూరుతుంది. ఆ తర్వాత ‘హ్యాజ్ లెఫ్టా, హ్యావ్ లెఫ్టా’ అంటే చెవి పక్కనున్న ‘ఫాదర్’ను పట్టుకుని ‘హ్యాజ్’ అంటుంది. కోచింగ్ సెంటర్లో వందసార్లు దిద్దించేది ఈ తప్పునే. ‘ఇలాంటి చోట కర్తను తెలుగు క్రియ పక్కనే ఉంచుతుంది, ఇంగ్లిష్ దూరం పెడుతుంది’ అని ఒక్కసారి చెబితే దాని వేరు కనిపిస్తుంది. 2020–21 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్‌గా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. పోలికకు ఇంతకన్నా మంచి వీలు మునుపెన్నడూ లేదు. కానీ ఎదురెదురు పేజీలు ఒక విషయాన్ని రెండు భాషల్లో చెబుతాయంతే. రెండు వాక్యాలు ఎక్కడ విడిపోతాయో చెప్పాల్సింది మాస్టారే.

కాబట్టి క్లాజు కష్టమైన పాఠమేమీ కాదు, సగం దాచి చెప్పిన పాఠం. ఇంగ్లిష్ లెక్కపెట్టేది పూర్తి క్రియలను, తెలుగు సంక్లిష్ట వాక్యంలో అసమాపక క్రియలనూ లెక్కపెడుతుంది. ఈ ఒక్క మాటను ఆర్డెన్ కాలం నుంచి ఇటువైపు పిల్లలకు చెప్పకుండా ఉంచడమే మన బడి చేసిన తప్పు. నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా తెలుగు మాస్టారూ ఇంగ్లిష్ మాస్టారూ ఏడాదికి ఒక్క పీరియడు ఒకే బోర్డు ముందు నిలబడి, ‘పని ముగించి ఇంటికి వెళ్లాడు’ అన్న వాక్యాన్ని కలిసి విడదీసి చూపాలి. దానికి కొత్త పుస్తకం అక్కర్లేదు, ఒక సుద్దముక్క చాలు.