ఒకే నమూనా, రెండు జాతులు

శీతకాలంలో తెలుగు ప్రాంతాలతో సహా భారత ద్వీపకల్పమంతటా పొదలనాశ్రయించే బ్లైత్ రీడ్ వార్బ్లర్‌ను, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం నిర్వాహకుడైన ఎడ్వర్డ్ బ్లైత్ 1849లో శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. దానికి అత్యంత సన్నిహిత జ్ఞాతియైన పెద్దముక్కు రీడ్ వార్బ్లర్‌కు మాత్రం అంత సులభంగా గుర్తింపు లభించలేదు.

అనంతరకాలంలో కాంగ్రెస్ స్థాపకులలో ఒకడుగా ప్రసిద్ధికెక్కిన ఎ.ఓ. హ్యూమ్, 1867 నవంబరులో సట్లెజ్ లోయలోని రాంపూర్ సమీపాన ఒక పక్షిని సేకరించి, 1869లో దానిని నూతన జాతిగా ప్రకటించాడు. ఆయన పెట్టిన పేరు అప్పటికే వేరొక పక్షికి చెందినదని తేలడంతో 1905లో పక్షిశాస్త్రజ్ఞుడు ఓబర్‌హోల్సర్ దానికి ‘ఓరైనస్’ అని నామాంతరం చేశాడు. పేరు స్థిరపడినా జాతి స్థిరపడలేదు. బ్లైత్ పక్షి, ఇది రెండూ గోధుమవన్నె పక్షులే. కొంత పొడవైన ముక్కు, పొట్టిగా గుండ్రంగా ఉండే రెక్క, పెద్ద గోళ్లు మాత్రమే రెండవదాని విశిష్టతలు. అప్పటికి తెలిసినది ఒకే నమూనా గనుక, ఈ స్వల్పభేదాలు జాతిలక్షణాలో, వ్యక్తిగత వైచిత్ర్యమో నిర్ణయించే మార్గం లేక, కొందరు దానిని మరో రీడ్ వార్బ్లర్‌కు ఉపజాతిగానూ, కొందరు బ్లైత్ పక్షికే వికృతరూపంగానూ భావించారు. దీనిని నిర్లక్ష్యమనలేము, నాటి సాధనాలకు అంతకుమించిన నిశ్చయం సాధ్యం కాదు.

2002లో పరిశోధకులు స్టాఫాన్ బెన్ష్, డేవిడ్ పియర్సన్ ఆ పాత నమూనా నుంచి డీఎన్ఏ సేకరించి పరిశీలించి, అది ప్రత్యేక జాతియేనని నిరూపించారు. 2006 మార్చిలో థాయిలాండ్‌లోని లేమ్ ఫాక్ బియాలో పక్షిశాస్త్రజ్ఞుడు ఫిలిప్ రౌండ్ వలలో ఈ జాతి సజీవ పక్షి చిక్కింది. డీఎన్ఏ పరీక్ష ఆ గుర్తింపును ధ్రువీకరించింది. పిమ్మట ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియంలో, బ్లైత్ పక్షుల సొరుగులోనే, 1869 నాటి మరో నమూనా పొరపాటు పేరుతో బయటపడింది. 2009లో అఫ్గానిస్తాన్‌లోని వఖాన్ లోయలో పరిశోధకులు వాటి సంతానోత్పత్తి స్థావరాన్నే గుర్తించారు.

హ్యూమ్ దృష్టి నిశితమైనది. సంశయించినవారి జాగ్రత్త న్యాయమైనది. ఆ వివాదాన్ని పరిష్కరించగలిగినది శతాబ్దానికి పైగా భద్రపరచిన నమూనాయే. మన కళాశాలల్లో, మ్యూజియాలలో మిగిలివున్న పాత సేకరణలనూ అంతే శ్రద్ధతో కాపాడవలసి ఉంది.