ఎయిర్‌క్రూమన్ రివాల్వర్

అమెరికా వైమానిక దళం తన విమాన సిబ్బంది కోసం 1950ల తొలినాళ్లలో కోల్ట్ కంపెనీ చేత చేయించిన తేలికపాటి చేతి తుపాకీ. శత్రు భూభాగంలో విమానం కూలినా, పారాచూట్‌తో దిగాల్సి వచ్చినా పైలట్ ప్రాణం కాపాడుకోవడానికి ఉద్దేశించింది.

రెండో ప్రపంచ యుద్ధంలో చాలామంది వైమానికులు కిలోకు పైగా బరువున్న .45 క్యాలిబర్ ఎం1911ఏ1 పిస్టల్‌ను మోశారు. ఇరుకైన కాక్‌పిట్‌లో, పారాచూట్ పట్టీల మధ్య అది పెద్ద భారమే. 1947లో సైన్యం నుంచి విడివడిన వైమానిక దళం తనకంటూ చిన్న ఆయుధం కోరుకుంది. అలా వచ్చిన ఎయిర్‌క్రూమన్ బరువు దాదాపు 310 గ్రాములే! ఆరు తూటాలు, రెండంగుళాల గొట్టం, .38 స్పెషల్ క్యాలిబర్. స్మిత్ అండ్ వెసన్ కూడా ఇలాంటిదే తయారుచేసింది.

బరువు తగ్గించిన అల్యూమినియమే దీనికి శాపమైంది. ఫ్రేమ్‌తో పాటు తూటాలు పట్టే సిలిండర్‌నూ ఆ లోహంతోనే చేశారు. తూటా పేలే క్షణంలో పుట్టే ఒత్తిడిని ప్రధానంగా భరించేది సిలిండరే. మామూలు తూటాలకు అది పగిలే ప్రమాదం ఉండేది. అందుకని తక్కువ ఒత్తిడి పుట్టించే ఎం41 తూటాను ప్రత్యేకంగా రూపొందించారు. లోపమున్న చోటును వదిలి తూటాను మార్చడం సరైన పరిష్కారం కాదు. ఆపదలో చిక్కిన మనిషికి దొరికిన తూటా ఏదైనా పనికిరావాలి కదా. స్మిత్ అండ్ వెసన్ తన పౌర మోడల్‌కు 1954లో ఉక్కు సిలిండర్ అమర్చింది.

1959లో వైమానిక దళం ఈ రివాల్వర్లను వెనక్కి రప్పించి ధ్వంసం చేయించింది. కోల్ట్ చేసినవి సుమారు 1,200 మాత్రమే కాబట్టి మిగిలినవి అత్యంత అరుదు. 1960లలో ఉక్కుతో చేసిన స్మిత్ అండ్ వెసన్ మోడల్ 15 వైమానిక దళంలో స్థిరపడింది.