'వైన్స్' బోర్డు కింద వైన్ ఎక్కడ?

కర్నూలు, కడపల్లో 'వైన్స్' అని బోర్డుంటుంది. లోపల ఎక్కువగా విస్కీ, బ్రాందీ, బీరే. మరి అసలు వైన్ కథేంటి?

ఫ్రాన్స్‌లో షినోన్ అనే ఊరుంది. అక్కడ వియెన్ నది ఒడ్డున చిన్న రైతులు కూడా కాబెర్నే ఫ్రాంక్ ద్రాక్షతో ఎర్ర వైన్ చేస్తారు. ఊరి పేర్లను కాపాడటానికి 1935లో చట్టం వచ్చింది, 1937లో షినోన్‌కి గుర్తింపు దక్కింది. వేరే చోట పండిన ద్రాక్షకి ఆ పేరు పెట్టకూడదు.

మనకీ వంకల పక్కన ఈతచెట్లున్నాయి, గీసే ఈడిగవాళ్ళున్నారు. కానీ మన జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1886 అబ్కారీ చట్టం చూసింది ఆదాయమే: చెట్టుకి పన్ను, అంగడికి వేలం. పాట పాడినవాడిదే పెత్తనం, గీసినవాడిది కూలి. పైగా కల్లు పొద్దున తీస్తే సాయంత్రానికి పులిసిపోతుంది, సీసాలో పెట్టి దూరం పంపలేం.

నెల్లూరు ఆడవాళ్ళ ఉద్యమం తర్వాత, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డిగారు మన కర్నూలాయనే. 1995లో వచ్చిన పూర్తి మద్య నిషేధం 1997లో పోయింది, 'వైన్స్' మళ్ళీ తెరిచారు.

షినోన్‌లో చట్టం పండించేవాడి ఊరికి కాపలా కాసింది, మన దగ్గర ఖజానాకి కాసింది. తేడా అక్కడే మొదలైంది. మీ ఊర్లో ఏ వంక కల్లుకి పేరుండేదో పెద్దవాళ్ళని అడిగి కామెంట్‌లో రాయండి.