ఎవ్వరూ కట్టని 27 డాలర్లు

2012 నవంబరు. మాల్దీవుల రాజధాని మాలేకి ఎదురుగా హుల్హులే దీవి. దీవి అంటే పెద్దదేం కాదు. ఓ రన్‌వే, పక్కనే టెర్మినల్, ముందు పడవల రేవు. అంతే. విమానం కిందికి దిగుతుంటే కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకి నేల కనపడదు. నీళ్లే. అవి దగ్గరికొస్తాయి. ఇంకా దగ్గరికొస్తాయి. ఇక సముద్రంలోనే దిగుతున్నామని గుండె జారిపోయే క్షణాన చక్రాలకి రన్‌వే తగులుతుంది. బయటికొస్తే జిడ్డుగా ఒంటికి అంటుకునే ఉప్పుగాలి, పడవల డీజిల్ వాసన. ఊళ్లోకి పోవాలంటే పడవ ఎక్కాల్సిందే, అప్పటికింకా వంతెన లేదు. ఆ నెల అక్కడ దిగినవాళ్లకి వింత దృశ్యం ఒకటి ఎదురైంది. విమానాశ్రయం చుట్టూ పడవలు తిరుగుతున్నాయి. వాటి నిండా జెండాలు, బ్యానర్లు. బ్యానర్ల మీద ఒకటే మాట: జీఎంఆర్, వెళ్లిపో!

హనీమూన్‌కొచ్చిన యూరప్ జంటలకి ఆ మూడక్షరాలు అర్థం కాలేదు. తెలుగువాళ్లకి మాత్రం విడమర్చి చెప్పక్కర్లేదు. అప్పటి శ్రీకాకుళం జిల్లా రాజాంలో జనపనార మిల్లుతో మొదలైన గ్రంధి మల్లికార్జునరావు కంపెనీ అది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచింది. 2010లో ఢిల్లీ మూడో టెర్మినల్ నిలబెట్టింది. నెల్లికుదురు నుంచి గల్ఫ్‌కి బయల్దేరే మనిషి మహబూబాబాద్‌లో రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, చివరికి చేరేది వీళ్లు కట్టిన శంషాబాద్‌కే. అంతటి కంపెనీని ఓ చిన్న దీవి ఎందుకు పొమ్మంటోంది?

రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. 2010లో మాలే విమానాశ్రయం కోసం మూడు జట్లు పోటీపడ్డాయి. మలేషియా ఎయిర్‌పోర్ట్స్‌తో కలిసి జీఎంఆర్. జ్యూరిక్ విమానాశ్రయంతో కలిసి మరో తెలుగు కంపెనీ జీవీకే. టర్కీ, ఫ్రాన్స్ కంపెనీలు కలిసి ఇంకోటి. సలహాదారు ప్రపంచ బ్యాంకు కుటుంబానికి చెందిన ఐఎఫ్‌సీ. గెలిచింది జీఎంఆర్. జూన్ 28న సంతకాలు. పాతికేళ్ల ఒప్పందం, దాదాపు 51 కోట్ల డాలర్ల ప్రాజెక్టు. ముందుగా చేతిలో పెట్టాల్సింది 7.8 కోట్ల డాలర్లు. నవంబరు 25న తాళాలు చేతికొచ్చాయి. కొత్త టెర్మినల్ నమూనా సిద్ధమైంది. అందరి కళ్లూ ఆ నమూనా మీదే. ఒప్పందం లోపల ఒదిగి ఉన్న ఓ చిన్న షరతును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

2012 జనవరి 1 నుంచి దేశం దాటి వెళ్లే ప్రతి ప్రయాణికుడి దగ్గర విమానాశ్రయ అభివృద్ధి కింద 25 డాలర్లు వసూలు చేసుకోవచ్చు. బీమా కింద ఇంకో రెండు. మొత్తం 27. రాత్రికి వందల డాలర్లు పోసి రిసార్టులో దిగేవాళ్లకి అదో లెక్క కాదు. కానీ ఆ టెర్మినల్‌లో నిలబడేది వాళ్లొక్కళ్లే కాదు. మాల్దీవుల్లో చాలామందికి పెద్ద జబ్బు చేస్తే పెద్దాసుపత్రి అంటే తిరువనంతపురమే. చేతిలో స్కానింగ్ కాగితాలు, పక్కన కుర్చీలో రోగి, వెనక తోడుగా ఇద్దరు. ముగ్గురికీ కలిపి 81 డాలర్లు. వైద్యం ఇంకా మొదలే కాలేదు. ఈ డబ్బు మేమెందుకు కట్టాలి? ప్రశ్న కోర్టుకెక్కింది.

కేసు వేసింది ప్రతిపక్ష పార్టీ. ఆధారం 1978 నాటి చట్టం. విమానాశ్రయంలో ప్రయాణికుడి దగ్గర ఏ రుసుము తీసుకోవాలో ఆ చట్టం చెప్పింది. కొత్తది వేయాలంటే పార్లమెంటు వేయాలి, ఒప్పందం కాగితం కాదు. 2011 డిసెంబరు 8న సివిల్ కోర్టు అదే మాట తేల్చేసింది. వసూలు మొదలవడానికి మూడు వారాలే ఉంది. చెల్లదు. ఆపండి. ప్రయాణికుల జేబులోంచి ఒక్క డాలరు కూడా బయటికి రాలేదు. కథ అక్కడితో ముగిసినట్టే అనిపించింది. కానీ ఆ 27 డాలర్లు మాయం కాలేదు. పద్దు మారాయంతే.

అప్పటి అధ్యక్షుడు మహమ్మద్ నషీద్ ప్రభుత్వం ఓ దారి వెతికింది. ప్రయాణికుల నుంచి రావాల్సిన ఆ మొత్తాన్ని, కంపెనీ తమకి కట్టే వాటాలోంచి తగ్గించుకోమంది. ఆ లెక్క మొదలై రెండు నెలలు తిరక్కుండానే మాలే వీధుల్లో పోలీసులు ఎదురుతిరిగారు. 2012 ఫిబ్రవరి 7న టీవీ తెర మీదకొచ్చి నషీద్ రాజీనామా ప్రకటించారు. ఉపాధ్యక్షుడు మహమ్మద్ వహీద్ గద్దెనెక్కారు. కొత్త ప్రభుత్వం బల్ల మీదికి మొదటి మూడు నెలల విమానాశ్రయం లెక్క వచ్చింది. రావాల్సింది 87 లక్షల డాలర్లు. వచ్చింది ఐదుంపావు లక్షలు. ఆ తర్వాతి మూడు నెలల లెక్క ఇంకా దారుణం. ఈసారి ప్రభుత్వ విమానాశ్రయ సంస్థకి రావాల్సింది పోయి, అదే తిరిగి కంపెనీకి 15 లక్షల డాలర్లు బాకీ తేలింది.

ఇక ఆగలేదు. విమానాశ్రయం మనది, డబ్బు వాళ్లదా? మసీదుల దగ్గర, టీ దుకాణాల్లో, టీవీ చర్చల్లో ఇదే మాట. కొత్త టెర్మినల్ పనులు అనుమతుల పేరుతో నిలిచిపోయాయి. మాల్దీవుల పౌరులకి ఆ రుసుము మినహాయిస్తామంటూ కంపెనీ ఓ మెట్టు దిగింది. దిగాల్సిన సమయం దాటిపోయింది. ఆ నవంబరులోనే మరో దెబ్బ పడింది. భారత్ వీసా నిబంధనలు బిగించింది. మాలేలోని భారత హైకమిషన్ ముందు తెల్లారకముందే జనం బారులు తీరారు. ఎండ ఎక్కుతోంది. లైను కదలదు. అందులో ఆసుపత్రికి పోవాల్సినవాళ్లున్నారు. మాల్దీవుల్లో తమ కార్మికుల పాస్‌పోర్టులు గుంజుకుంటున్నారు కాబట్టి ఈ కట్టుదిట్టం అంది భారత్. లైన్లో నిలబడ్డవాళ్లు దాన్ని విమానాశ్రయంతో ముడిపెట్టుకున్నారు. కోపం అంచుదాకా నిండింది.

నవంబరు 27, మంగళవారం. కేబినెట్ కూర్చుంది, తేల్చింది. ఒప్పందం రద్దు. రద్దు కూడా కాదు, అది మొదటినుంచే చెల్లదు అంది ప్రభుత్వం. అంటే రెండేళ్ల కింద పెట్టిన సంతకాలు అసలు పెట్టనట్టే. ఖాళీ చేయడానికి కొద్ది రోజులే గడువు. పాతికేళ్ల కోసం వచ్చినవాళ్లకి పట్టుమని పది రోజులు! కంపెనీ సింగపూర్‌కి పరుగెత్తింది.

ఒప్పందం ప్రకారం తగాదా తీర్చేది అక్కడే. డిసెంబరు 3న సింగపూర్ హైకోర్టు స్టే ఇచ్చింది. కంపెనీకి ఊపిరాడింది. మాలేలో మాత్రం మంత్రులు వెనక్కి తగ్గలేదు, ఏ కోర్టు చెప్పినా విమానాశ్రయం తీసుకుంటామన్నారు. మూడు రోజులు. టెర్మినల్‌లో కన్వేయర్ బెల్టులు తిరుగుతూనే ఉన్నాయి. వాటిని తిప్పుతున్న సిబ్బందికి వచ్చే వారం జీతమిచ్చేదెవరో తెలీదు. డిసెంబరు 6న పైకోర్టు కూర్చుంది. ప్రధాన న్యాయమూర్తి సుందరేశ్ మీనన్ ధర్మాసనం. ఒప్పందం తెంచడం తప్పో ఒప్పో తర్వాత తేలుతుంది, తప్పయితే డబ్బుతో సరిచేయొచ్చు, అంతే తప్ప తన విమానాశ్రయాన్ని తాను తీసుకోకుండా ఓ దేశాన్ని ఆపలేం. స్టే ఎత్తేశారు. మిగిలింది ఒక్క రోజు.

డిసెంబరు 7, శుక్రవారం. అర్ధరాత్రికి చేతులు మారాలి. డిసెంబరంటే అక్కడ చలి కాదు, అదే ఉక్క, అదే ఉప్పుగాలి. ఆఫీసు గదుల్లో కాగితాల మీద సంతకాలు పడుతుండగా, కింద టెర్మినల్‌లో పాస్‌పోర్టుల మీద ముద్రలు పడుతూనే ఉన్నాయి, రేవులో రిసార్టుల బోర్డులు పట్టుకున్నవాళ్లు పేర్లు పిలుస్తూనే ఉన్నారు, ఊరెళ్లే బంగ్లాదేశ్ కూలీ తాడుతో బిగించిన అట్టపెట్టెను బెల్టు మీదికి నెడుతున్నాడు, ఎండకి కమిలిన భుజాలతో టూరిస్టులు గేటు దగ్గర కునికిపాట్లు పడుతున్నారు, తెల్లారి తిరువనంతపురం పోవాల్సినవాళ్లు సంచులు తల కింద పెట్టుకున్నారు, యజమాని మారిపోయాడన్న సంగతి వాళ్లలో ఒక్కరికీ చెప్పినవాళ్లు లేరు. గొడవ జరగలేదు. రాకపోకలకి అంతరాయం రాలేదు. తెలుగు కంపెనీ దీవి దిగిపోయింది. లెక్క మాత్రం దిగలేదు.

అది మధ్యవర్తి ముందుకెళ్లింది. 2014 జూన్‌లో మొదటి తీర్పు. ఒప్పందం చెల్లుతుంది, దాన్ని తెంచినందుకు మాల్దీవులే బాధ్యత వహించాలి. ఎంత? ఆ అంకె రావడానికి మరో రెండేళ్లు పట్టింది. 2016లో తేలింది: సుమారు 27 కోట్ల డాలర్లు. ఆ ఏడాదే కట్టేశారు. దేశ జనాభా అంతా కలిపి నాలుగు లక్షలు. పసిపిల్లలతో సహా పంచితే తలకి 670 డాలర్ల పైమాటే. 27 డాలర్లు కట్టమంటే రోడ్డెక్కిన ఇంటికి, మనిషికి పాతిక రెట్లు పడింది. వైద్యానికి పోయేవాడు, ఎన్నడూ విమానం ఎక్కనివాడు, చేపల పడవ మీద బతికేవాడు, అందరి వాటా అందులో ఉంది. అయినా ఆ రుసుము కథ ముగియలేదు.

2017 మే 1. అదే విమానాశ్రయం, పేరు మాత్రం మారి వెలానా అంతర్జాతీయ విమానాశ్రయం అయింది. ఆ రోజు నుంచి అభివృద్ధి రుసుము అమల్లోకొచ్చింది. విదేశీయుడికి 25 డాలర్లు. మాల్దీవుల పౌరుడికి 12. ఎవరూ పడవలెక్కలేదు. ఎవరూ బ్యానర్లు కట్టలేదు. ఈసారి అది పార్లమెంటు చేసిన చట్టం. స్థానికుడి మీద భారం సగానికి తగ్గించారు. 2024 డిసెంబరు నుంచి ఎకానమీలో వెళ్లే విదేశీయుడికి ఆ ఒక్క రుసుమే 50 డాలర్లు. అదీ కడుతున్నారు.

డబ్బు ఎక్కువైనందుకు హుల్హులే రగిలిపోలేదు. కట్టాల్సినవాణ్ణి ఒక్క మాటైనా అడక్కుండా వాడి జేబు మీద రాసుకున్నందుకు రగిలిపోయింది. ప్రభుత్వం రాసింది, కంపెనీ సంతకం పెట్టింది, ప్రపంచ స్థాయి సలహాదారు పక్కన కూర్చున్నాడు. ప్రయాణికుడు ఆ గదిలో లేడు. అందుకే పాతికేళ్ల కాగితం రెండేళ్లకే చిరిగింది. మన దగ్గర ఇలాంటి రుసుములు తేల్చడానికి 2008లోనే చట్టం చేసి విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ సంస్థను పెట్టారు. శంషాబాద్ రుసుము పెంచాలన్నా ఆ సంస్థ ముసాయిదాను జనం ముందు పెట్టి అభిప్రాయం అడగాలి. నెల్లికుదురు నుంచి దుబాయ్ పోయే మేస్త్రీ కూడా ఆ రుసుము కడుతున్నాడు. టికెట్‌లో కలిసిపోయి ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు. ఏజెంటు చేతిలో పెట్టిన టికెట్‌లో చార్జీ ఎంత, విమానాశ్రయానికి పోయేదెంత, విడివిడిగా అడిగి తెలుసుకునే హక్కు అతనికుంది. అడగాలి. పెంచేటప్పుడు అతని మాట కూడా వినాలి. రన్‌వేలు, టెర్మినళ్లు లేచేది అతని చెమట డబ్బుతోనే.