బంగారుతీగకు చుట్టం

కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచే బంగారుతీగ మనకు తెలిసిన చేపే. కెనడాలో కొందరి పెరటి కుంటల్లో ఎర్రగా, తెల్లగా తిరిగే కోయి దానికి దగ్గరి చుట్టం.

జపాన్‌లో నీగటా ప్రాంతపు కొండపల్లెల రైతులు మంచుకాలంలో తిండికని ఈ చేపను కుంటల్లో పెంచేవారు. 19వ శతాబ్దంలో అక్కడక్కడ రంగుమచ్చల పిల్లలు పుట్టాయి. వాటిని కూర వండుకోకుండా ఏరి, దాచి, జత కలిపారు. 1914లో టోక్యో ప్రదర్శనతో వాటి పేరు దేశమంతా పాకింది. విమానాల కాలం వచ్చాక అవి సముద్రాలు దాటాయి; వెంటే దేశదేశాల్లో అభిమాన సంఘాలు వెలిశాయి.

కెనడాలో కార్ప్ జాతికి అంతకంటే పాత కథ ఉంది. 19వ శతాబ్దం చివర తిండి కోసం తెచ్చిన కార్ప్ తప్పించుకుని ఒంటారియో సరస్సుల్లో స్థిరపడింది. 2007 వేసవిలో కవార్తా సరస్సుల్లో అవి వేలకొద్దీ చచ్చి తేలాయి. కారణం కోయి హెర్పిస్ వైరస్. మనుషులకు దానివల్ల హాని లేదు. చేపలకు మాత్రం మందు లేదు.

ఈ జబ్బు భయం సంఘాల పోటీలనే మార్చింది. జపాన్ పద్ధతిలో ఒకే సైజు చేపలు, ఎవరివైనా సరే, ఒకే తొట్టిలో ఈదుతాయి. ఇంగ్లీషు పద్ధతిలో ఎవరి చేపలు వారి తొట్టిలోనే. ఒకరి వల మరొకరి నీళ్ళలో ముంచరు. పడమటి దేశాల్లో చాలా సంఘాలు ఈ రెండో దారే పట్టాయి. మనుషులు కలిసే ఉన్నారు, నీళ్ళు విడిపోయాయి.

ఇల్లు మారేటప్పుడు చేపల్ని పక్క సరస్సులో వదిలేద్దామని పిల్లలు అడగవచ్చు. ఆ దయ సరస్సుకే ముప్పు. వాటికి మరో కుంట వెతకమని సంఘాన్ని అడగడం మేలు.