ప్రైమరీ ఎవరబ్బ సొమ్ము?

అమెరికాలో సిటిజన్‌షిప్ వచ్చిన మనవాళ్ళు ఓటరుగా నమోదు చేసుకునేటప్పుడు చాలా రాష్ట్రాల్లో ఫారంలో ఒక గడి కనిపిస్తుంది, మీదే పార్టీ అని. "మనకెందుకొచ్చిన గొడవ, ఇండిపెండెంట్ అని పెట్టేద్దాం" అనుకుంటారు. కాలిఫోర్నియాలో అలా అనుకునే కొందరు అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ అన్నచోట టిక్కు పెట్టేశారు. 2016లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ వాళ్ళు ఆ పార్టీ సభ్యుల్ని అడిగి చూస్తే, నలుగురిలో దాదాపు ముగ్గురికి తామొక పార్టీలో చేరామన్న సంగతే తెలీదు! 1968లో జార్జి వాలెస్‌ని అధ్యక్ష పదవికి నిలబెట్టిన పార్టీ అది. నల్లపిల్లలూ తెల్లపిల్లలూ ఒకే బడిలో చదవకూడదని పట్టుబట్టిన పెద్దమనిషి ఆయన.

(నాకు ఓటు లేదు లెండి, హెచ్1బి వాణ్ణి. ఊరికే కుతూహలం.)

ఇంతకీ ఆ గడి మీద అంత పట్టింపు ఎందుకు? మన దగ్గర బి-ఫారం ఎవరికివ్వాలో పైనున్న నాయకుడు చూసుకుంటాడు, జనం పని ఆ తర్వాతే మొదలవుతుంది. అమెరికాలోనూ ఒకప్పుడు అంతే. పార్టీ బాసులు మహాసభ పెట్టి అభ్యర్థిని తేల్చేసేవాళ్ళు. విస్కాన్సిన్ గవర్నరు రాబర్ట్ లా ఫాలెట్ 1903లో చట్టం తెచ్చి, అభ్యర్థిని కూడా ఓటర్లే ఎన్నుకునే ఏర్పాటు చేశాడు. అదే ప్రైమరీ. ఆ రాష్ట్రంలో ఇప్పటికీ ఓటరు తన పార్టీ ఏదో చెప్పక్కర్లేదు. న్యూయార్క్‌లో అయితే ముందే పార్టీలో నమోదైతేనే ఓటు. 2016లో ట్రంప్ పిల్లలు ఇవాంకా, ఎరిక్ గడువు దాటిపోవడంతో సొంత నాన్నకే ఓటెయ్యలేకపోయారు.

అసలు పేచీ అంతా ఒక్కటే. ప్రైమరీ పార్టీ ఇంటి వ్యవహారమా, జనం వ్యవహారమా? ఈ ప్రశ్న మీద ఘోరమైన యుద్ధం జరిగింది టెక్సాస్‌లో. అప్పట్లో అక్కడ డెమోక్రాట్లదే రాజ్యం, వాళ్ళ ప్రైమరీ గెలిస్తే సీటు గెలిచినట్టే. నవంబరు ఎన్నిక ఉత్త లాంఛనం. 1923లో నల్లవాళ్ళు ఆ ప్రైమరీలో ఓటెయ్యకూడదని ఏకంగా చట్టమే చేశారు. ఎల్ పాసోకి చెందిన డాక్టర్ లారెన్స్ నిక్సన్ కేసు వేస్తే 1927లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పుడు టెక్సాస్ ఏం చేసిందంటే, ఎవరు ఓటెయ్యాలో పార్టీ కార్యవర్గం తేల్చుకోవచ్చని చట్టం మార్చింది. 1932లో అదీ పోయింది. ఈసారి పార్టీ మహాసభే తీర్మానం చేసింది, "మాది ప్రైవేటు సంఘం, మా ఇష్టం" అని. ఒక ప్యాచ్ ఎగిరిపోతే ఇంకో ప్యాచ్! 1935లో కోర్టు దానికి సరేనంది, అదీ ఏకగ్రీవంగా.

చివరికి హ్యూస్టన్‌లో లోనీ స్మిత్ అనే పళ్ళ డాక్టరు తరఫున థర్‌గుడ్ మార్షల్ వాదించాడు. 1944లో 8-1తో తీర్పు. ఎన్నిక నడిపే చట్టం ప్రభుత్వానిదైనప్పుడు, ఆ పనిలో పార్టీ చేసే వివక్ష ప్రభుత్వం చేసినట్టేనన్నారు. ఇల్లు నీదే కావచ్చు, ఊరి రచ్చబండ నీ ఇంట్లో పెట్టుకున్నాక తలుపేసుకుంటానంటే ఎలా?

ఆ "మాది ప్రైవేటు సంఘం" వాదన అక్కడితో చావలేదు. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు ఏ ఓటరైనా ఏ పార్టీ అభ్యర్థికైనా ప్రైమరీలో ఓటెయ్యొచ్చని తీర్మానిస్తే, రెండు పెద్ద పార్టీలూ కలిసికట్టుగా కోర్టుకెక్కాయి (ఇలాంటప్పుడే వీళ్ళకి ఐకమత్యం గుర్తొస్తుంది). 2000లో 7-2తో పార్టీలే గెలిచాయి. నల్లవాళ్ళని గెంటెయ్యడమూ, పార్టీలో చేరడానికి ఇష్టపడనివాణ్ణి ఆపడమూ ఒకటి కాదు, నిజమే. చేరదలుచుకున్నవాడికి తలుపు తెరిచే ఉంది. కానీ పోలింగ్ బూత్ ఖర్చు చాలాచోట్ల సర్కారుది, అంటే ఏ పార్టీకీ చెందనివాడు కట్టిన పన్ను కూడా. ఒకే పార్టీ గెలిచే నియోజకవర్గంలో వాడికి దక్కేది అయిపోయిన పెళ్ళికి బాజాయే. ఈ విషయంలో నాకు కోర్టు తర్కం కంటే లా ఫాలెట్ పద్ధతే నచ్చుతుంది.

అలాగని తలుపులు బార్లా తెరిస్తే అన్నీ చక్కబడిపోతాయనుకోకండి. 2010లో కాలిఫోర్నియా కొత్త దారి పట్టింది. పార్టీతో పనిలేకుండా అందరూ ఒకే ప్రైమరీలో నిలబడతారు, మొదటి ఇద్దరూ నవంబరుకి వెళ్తారు. 2012లో మొదటిసారి అమలు చేస్తే శాన్ బెర్నార్డినో వైపు 31వ కాంగ్రెస్ నియోజకవర్గంలో ఏం జరిగిందో చూడండి. ఒబామాకి మెజారిటీ ఇచ్చిన చోటు. డెమోక్రాట్లు నలుగురు నిలబడి ఓట్లు చీల్చుకున్నారు. రిపబ్లికన్లు ఇద్దరే, ఆ ఇద్దరే పైకి తేలారు. నవంబరులో డెమోక్రాట్ ఓటరుకి ఈ రిపబ్లికనా ఆ రిపబ్లికనా అన్నదొక్కటే మిగిలింది.

అలాస్కా 2020లో నలుగురిని పైకి పంపి, నవంబరులో ఓటరు వాళ్ళకి వరుస ర్యాంకులిచ్చే పద్ధతి తెచ్చింది. ఓట్లు చీలే బెడద దీంతో చాలావరకు తగ్గుతుంది. 2024లో దాన్ని రద్దు చెయ్యాలని ఓటు పెడితే వెయ్యిలోపు తేడాతో బతికి బయటపడింది. అదే రోజు కొలరాడో, ఐడహో, నెవాడా ఓటర్లు ఇంచుమించు అలాంటి ప్రతిపాదనల్నే తిప్పికొట్టారు.